శివారు నంబరు

రొయ్యల సాగు మీద ఒక పాత పుస్తకం, దాని వీపున అంటించిన చిన్న కాగితం చీటీ, ఈమధ్య నన్ను పట్టుకుని వదలడం లేదు. చీటీ మీద 639 అని ఉంది. కింద రచయిత ఇంటిపేరులోని మొదటి అక్షరాలు. అంతకుమించి ఏమీ లేదు. అదే బీరువాలో, అదే అరలో, దానికి భుజం రాసుకుంటూ ఒక వేటగాడి అనుభవాల పుస్తకం నిలబడి ఉంది. వరి పుస్తకాలేమో పై అరలో ఉన్నాయి, 633 అని రాసిన చోట. వరికి ఇరుగుపొరుగు చెరకు, పత్తి, పొగాకు. రొయ్యకి ఇరుగుపొరుగు పులి. ఎవరు కుదిర్చారు ఈ కాపురాలు? రొయ్యని తుపాకీతో కొట్టేవాళ్లున్నారా ఎక్కడైనా? ఆ చీటీ రాసినవాళ్లని తప్పు పట్టడానికి లేదు, వాళ్లు పట్టికలో ఉన్నదే రాశారు. మరి ఆ పట్టిక రాసినవాడు ఏ నేల మీద నిలబడి రాశాడు? అక్కడ మొదలైంది నా దురద.

గుడివాడ నుంచి గానీ పెడన నుంచి గానీ బంటుమిల్లి వచ్చేవాళ్లకి 633కీ 639కీ మధ్య దూరం ఎంతో బాగా తెలుసు. ఒక గట్టు. అంతే దూరం. నా చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తే సార్వా ఊడ్పుల పచ్చదనం రోడ్డు అంచు నుంచి ఆకాశం దాకా ఒకటే పరుపుగా ఉండేది. ఇప్పుడు అదే కిటికీలోంచి చూస్తే ఛాతీ ఎత్తు గట్లు, గట్ల మీద కొబ్బరిచెట్లు, మోటారు కొట్లు, నీళ్లని చిలుకుతున్న ఏరేటర్ల చక్రాలు. పొక్లెయిన్ వచ్చి నాలుగు పక్కలా మట్టి తీసి పోస్తే చాలు, 633 కాస్తా 639 అయిపోతుంది. ఆ చెరువు గట్టు మీద కూచున్న మనిషిని ‘ఏం చేస్తున్నావు బాబాయ్’ అనడగండి. ‘చెరువు చేస్తున్నాన్రా’ అంటాడు, వాళ్ల నాన్న వ్యవసాయం చేస్తున్నానన్నట్టే. సీడ్ వేశాం అంటాడు, మేత వేస్తున్నాం అంటాడు, పట్టుబడి ఎప్పుడో చెబుతాడు, కౌంటెంతో చెబుతాడు. వేట అన్న మాట పొరపాటున కూడా అతని నోట రాదు. అతను తన లెక్కలో రైతే. అయినా అతని గురించి రాసిన పుస్తకం వేటగాళ్ల పక్కన నిలబడింది.

ఆ పట్టిక పుట్టింది 1876లో. అమెరికాలో ఆమ్‌హర్స్ట్ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్న మెల్విల్ డ్యూయీకి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. మనిషికి తెలిసిన సమస్తాన్నీ పది గదులుగా కోశాడు, గదికి పది అరలు, అరకి పది సొరుగులు. అంకె చూస్తే చాలు, పుస్తకం ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఆ సులువు వల్లే కాబోలు, నూట యాభై ఏళ్లయినా ప్రపంచం దాన్ని వదల్లేదు. 600 అంటే మనిషి చేసుకునే పనులు, 630 అంటే వ్యవసాయం. అందులో చేలూ తోటలూ పశువులూ పాడీ తేనెటీగలూ అన్నీ అయ్యాక, చిట్టచివర 639 దగ్గర నీళ్లలో ఉండేవీ అడవిలో ఉండేవీ కలిసి చేరాయి. ఆయన కాలపు లెక్కలో చేప వెళ్లి పట్టుకునేదే గానీ నారు పోసి పెంచేది కాదనుకుంటాను. కోపం తెచ్చుకుందామనే ఆ గదిలోకి ఇంకాస్త తొంగి చూశాను. 639.1 వేట, 639.2 చేపలు పట్టడం, 639.3 చేపల పెంపకం. చివర, 639.9 దగ్గర, వన్యప్రాణుల సంరక్షణ. అది చూశాక కోపం సగం దిగిపోయింది. మాకు ఉత్తరాన కొల్లేరు ఉంది. 1999లో దాన్ని అభయారణ్యం అన్నారు, అయిదో కాంటూరు దాకా హద్దు గీశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చేపల చెరువుల గట్లు తెంచారు. చేపలు పెంచుకునేవాళ్లదీ పక్షులని కాపాడేవాళ్లదీ ఇన్నేళ్ల తగాదా మొత్తం ఎక్కడో అమెరికాలో గీసిన ఒకే ఒక్క గదిలో ఇమిడి ఉంది. తెలిసి పెట్టారా, స్థలం లేక ఇరికించారా? ఏదైతేనేం, వాళ్లిద్దరూ ఒకే నీళ్ల కోసం కొట్టుకుంటున్నారన్న సంగతి పట్టికకి ముందే తెలిసినట్టుంది.

మా రొయ్య సంగతి సరే, మా తెలుగు సంగతేమిటి? బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయి కృష్ణ నీళ్లు కాలువల్లోకి మళ్లాయి. ప్రధాన కాలువ నుంచి బ్రాంచి కాలువ, దాంట్లోంచి పంట కాలువ, దాంట్లోంచి బోదె. బోదె చివర ఉండేది శివారు. బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు వాళ్లకి ఈ శివారు అన్నది పుట్టుకతో వచ్చిన చిరునామా. పైన అందరూ తడుపుకున్నాక మిగిలితే మనకి. డ్యూయీ అంకెలు కూడా అచ్చంగా ఇలాగే పారతాయి. 800 సాహిత్యం, అది ప్రధాన కాలువ. మొదటి తూము 810 అమెరికాకి, తరువాత 820 ఇంగ్లీషుకి, ఆపైన జర్మనుకొకటి, ఫ్రెంచికొకటి, ఇటాలియనుకొకటి, స్పానిషుకొకటి, లాటినుకొకటి, గ్రీకుకొకటి. ఎనిమిది తూములూ అమెరికా, యూరప్‌ల వైపే తెరిచాక తొమ్మిదోది 890, మిగిలిన ప్రపంచమంతటికీ. అందులో 894 దగ్గర టర్కీ భాషా, ఫిన్లాండు భాషా, హంగరీ భాషా, ద్రావిడ భాషలూ ఒకే గట్టు మీద కూచుంటాయి. 894.8 ద్రావిడం. 894.827 తెలుగు. నన్నయ నుంచి నిన్న అచ్చయిన కవిత్వం దాకా అన్నీ ఆ బోదె చివరే. సంస్కృతం అక్కడ లేదు, అది 891.2. హిందీ 891.43. అవి వేరే కాలువ. కాబట్టి పట్టిక ప్రకారం తెలుగు నవలకి పక్కవీధి హంగరీ, పై ఊరు సంస్కృతం. భాషాశాస్త్రం చెప్పే చుట్టరికాలు నిజమే కావచ్చు. కానీ వేయేళ్లుగా ఒకే పీట మీద కూచుని ఒకే విస్తట్లో తిన్నవాళ్లని ఇలా విడదీసి కూచోబెడితే ఏదో గుచ్చుకుంటుంది. మహాభారతం కావాలంటే 294.5923 దగ్గరికి వెళ్లాలి, మత గ్రంథంగా. కవిత్రయ భారతం కూడా అక్కడేనా, లేక 894.8271 దగ్గర తెలుగు కవిత్వంగానా? రెండు చోట్లా దొరకాల్సిన పుస్తకమే. కాని ప్రతి ఒక్కటే ఉన్నప్పుడు గ్రంథపాలకుడు మనసు గట్టి చేసుకుని ఎక్కడో ఒకచోట పెట్టాలి.

మతం గది సంగతి చెప్పనే అక్కర్లేదు. 220 బైబిలు. 230 నుంచి 280 దాకా వరసగా క్రైస్తవమే. 290 దగ్గర తక్కిన మతాలన్నీ కలిపి ఒకే అర. అందులో హిందువులు 294.5, బౌద్ధులు 294.3, ముస్లిములు 297. ఘంటసాలలో బౌద్ధ స్తూపపు దిబ్బ, మొవ్వలో వేణుగోపాలుడు, బందరులో మసీదులూ చర్చీలూ పక్కపక్కన ఉన్న జిల్లాలో ఇది చదివితే నవ్వొస్తుంది. ఆ నవ్వులో కాస్త దబాయింపు కూడా కలిసిందేమోనని వెంటనే అనుమానం వేసింది. మన పాతవాళ్లు మాత్రం ఏం చేశారు? అమరకోశం చూడండి. మా తాతల తరంలో బడికి వెళ్లిన పిల్లవాడు అది వల్లె వేయకుండా రాలేదు. అది నిఘంటువే, కాని అకారాది కాదు, వర్గాలుగా పేర్చిన ప్రపంచం. అందులో చేప వారివర్గంలో ఉంది. నది, బావి, తామర, పడవ, వల, చేపలు పట్టే మనిషి, అందరూ నీళ్ల కిందే. డెల్టావాడికి ఇంతకన్న హాయైన వర్గీకరణ ఏముంటుంది? మురిసిపోయి రెండో కాండలోకి వెళ్తే వరి వైశ్యవర్గంలో ఉంది, దుక్కీ పశువులూ వడ్డీ వ్యాపారంతో కలిసి. ఆ పక్కన బ్రహ్మవర్గం, క్షత్రియవర్గం. చేతిపనులన్నీ చివర, శూద్రవర్గంలో. పని ఏమిటన్నది కాదు, చేసేవాడు ఎవరన్నది అక్కడ లెక్క. డ్యూయీ తన మతానికి ఏడు అరలిచ్చాడని నవ్విన నోటితోనే ఇదీ ఒప్పుకోవాలి కదా.

అసలు మా ఊళ్లలో అందరికంటే గట్టి వర్గీకరణ కరణంగారి అడంగల్లో ఉండేది. మాగాణి, మెట్ట, బంజరు, పోరంబోకు. శిస్తు ఎంత పడుతుందన్న ఒక్క ప్రశ్నతో భూమినంతా నాలుగు ముక్కలు చేసిన పట్టిక అది. కాలువ గట్టూ శ్మశానమూ దారీ దొడ్డీ అన్నీ పోరంబోకే, వాటి మీద పైసా రాదు కనుక. కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. ఆ మాటలు మాత్రం పోలేదు. డ్యూయీ పట్టికలోనూ ఒక పోరంబోకు ఉంది, 000 అని. ఏ గదిలోనూ ఇమడని విజ్ఞాన సర్వస్వాలూ పత్రికలూ అక్కడ పడేశారు. అక్కడ ఖాళీగా మిగిలిన కాస్త చోటులోనే తరువాతి కాలంలో కంప్యూటర్లని దింపారు, 004 నుంచి 006 దాకా. ఊరి పోరంబోకు స్థలంలో ఊరికంతటికీ పెద్ద మేడ లేచినట్టయింది! ఏది ముఖ్యమో పట్టిక గీసిననాడు తెలియదు. తెలిసేసరికి మంచి స్థలాలన్నీ ఎవరో ఒకరి పేర ఉంటాయి.

డ్యూయీ పట్టిక అచ్చయిన 1876లోనే బందరుకి పడమరగా, భట్లపెనుమర్రులో ఒక పిల్లవాడు పుట్టాడు. పింగళి వెంకయ్య. ఈ కాలపు కలయిక తట్టినప్పటి నుంచీ నాకు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడాలనిపిస్తోంది. ఒకాయన లోకాన్ని గదుల్లో పెట్టాలని చూసినవాడు, ఇంకొకాయన ఏ గదిలోనూ నిలవనివాడు. జపాను భాష నేర్చాడు, జనం జపాన్ వెంకయ్య అన్నారు. కాంబోడియా పత్తి మీద పరిశోధించాడు, పత్తి వెంకయ్య అన్నారు. నేలలో వజ్రాల జాడ వెతికాడు, డైమండ్ వెంకయ్య అన్నారు. బందరు జాతీయ కళాశాలలో పనిచేశాడు, 1916లో దేశానికి జెండా ఎలా ఉండాలో చెబుతూ ఇంగ్లీషులో పుస్తకం అచ్చువేశాడు, 1921లో బెజవాడలో గాంధీగారి చేతిలో నమూనా పెట్టాడు, జెండా వెంకయ్య అయ్యాడు. ఇప్పుడు ఈయన మీద ఒక పుస్తకం వస్తే దాని వీపున ఏమని రాద్దాం? జెండాలు 929.92. పత్తి 633.51. జపాను భాష 495.6. వజ్రాలు 553 దగ్గర ఎక్కడో. స్వాతంత్ర్యోద్యమం 954.035. గ్రంథపాలకుడు చివరికి జీవిత చరిత్రల్లో పెట్టి చేతులు దులుపుకుంటాడు, అందులో తప్పు లేదు. కాని పత్తి పుస్తకాల దగ్గర వెతికే రైతుబిడ్డకి ఇలాంటివాడొకడు తన జిల్లాలోనే ఉండేవాడని ఏ అర చెబుతుంది? జనం కనీసం నాలుగు పేర్లు పెట్టి నాలుగు అరల్లోనూ ఉంచారు. 1963లో పేదరికంలోనే పోయాడు. పేదరికానికీ ఒక నంబరుంది, 362.5.

భట్లపెనుమర్రు పక్కనే మొవ్వ, కూచిపూడి. క్షేత్రయ్య పదాలు సంగీతమా, కవిత్వమా, భక్తా? అభినయించేవాళ్లకి నాట్యం, పాడేవాళ్లకి సంగీతం, పరిశోధకుడికి పదిహేడో శతాబ్దపు తెలుగు. మనవాళ్లకి ఈ ప్రశ్నే రాలేదనుకుంటా. భాగవతుల ఇళ్లలో పిల్లవాడు అడుగూ పాటా పద్యమూ ఒకేసారి నేర్చుకునేవాడు. ఇది ఏ శాస్త్రమని అడిగితే వాడికి మన ప్రశ్నే అర్థమయ్యేది కాదు. కూచిపూడికి చాలా గ్రంథాలయాలు వేసే నంబరు 793.3. బాగానే ఉంది, నాట్యం కదా అనుకుంటాం. కాని 793 అంటే ఇంటిలోపలి ఆటలూ వినోదాలూ. అక్కడి నుంచి ఒక అంగ వేస్తే 794 చదరంగం, ఇంకో అంగ వేస్తే 795 పేకాట. సిద్ధేంద్రయోగి భామాకలాపం పేకాటకి రెండిళ్ల అవతల! మా జిల్లాలో ఆ రెండింటినీ సమానంగా ప్రేమించినవాళ్లున్నారు గనుక నేనింక ఏమీ అనను.

ఈ గదుల గొడవకి విరుగుడు ఆలోచించినవాడు మన పక్కవాడే. శీర్కాళిలో పుట్టిన రంగనాథన్ లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడయ్యాడు. అప్పటికి కృష్ణా జిల్లా కూడా మద్రాసు రాజధానిలో భాగమే. చదువుకోవడానికి లండన్ వెళ్లినప్పుడు ఒక పెద్ద దుకాణంలో మెకానో బొమ్మ చూశాడట. చిల్లుల పట్టీలు, మరలు, చక్రాలు, అవే ముక్కలతో కావాలంటే బండి, కావాలంటే క్రేను. పుస్తకానికి కూడా ముందే కట్టిన గది ఎందుకు, ముక్కలిచ్చి కలుపుకోమందాం అనుకున్నాడు. 1933లో కోలన్ వర్గీకరణ అచ్చయింది. ఏ విషయాన్నయినా అయిదు ప్రశ్నలు వేయమన్నాడు. అసలు వస్తువేమిటి, అందులోని పదార్థమేమిటి, దానికి ఏమవుతోంది, ఎక్కడ, ఎప్పుడు. ఇప్పుడు మా రొయ్యని దింపండి. టైగరు రొయ్య, దానికి తెల్లమచ్చల వైరస్, ఆ జబ్బుకి నివారణ, కృష్ణా జిల్లా తీరం, 1990ల కాలం. అప్పు చేసి చెరువు తవ్వి, ఆ వైరస్‌కి కుదేలై, 2009 తరువాత వనామీ రొయ్య వచ్చాక మళ్లీ లేచి నిలబడ్డ కుటుంబాల కథంతా ఒక్క సంకేతాల తీగలో ఇమిడిపోతుంది. పులి ప్రసక్తే రాదు. చోటుకీ కాలానికీ కుర్చీ వేసిన పెద్దమనిషి ఆయన అనిపిస్తుంది నాకు. చిక్కల్లా ఆ తీగ పొడుగే. చీటీలో పట్టదు, నోట నిలవదు. అందుకే కాబోలు ఆయన్ని పూజించే దేశంలో కూడా ఊరి గ్రంథాలయాల్లో డ్యూయీ అంకెలే రాజ్యమేలుతున్నాయి. మేధావి ఓడిపోయాడని కాదు, మూడంకెలు గుర్తుంటాయి అంతే.

అసలు ఊరి గ్రంథాలయానికి ఇంత పట్టిక అవసరమా అన్న సందేహం కూడా ఉంది నాకు. అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడలో రామమోహన గ్రంథాలయం వైపు జనాన్ని లాగినప్పుడు, 1914 ఏప్రిల్ 10న చిలకమర్తివారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిగినప్పుడు, కోలన్ పట్టిక ఇంకా పుట్టలేదు. వాళ్ల తపన పుస్తకం ఏ అరలో ఉండాలన్నది కాదు, ఏ ఊళ్లో ఉండాలన్నది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణ కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపాడు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ వెంట ఊళ్లన్నిటికీ పుస్తకాలు నీళ్ల మీద వెళ్లేవి. ఆ పడవ వరస ఊళ్ల వరసే అయి ఉంటుందని నా ఊహ. ముందొచ్చే రేవుకి ముందు కావలసినవి పైన, తరువాతి రేవువి కింద. ఏ ఊరివాళ్లు ఏమడుగుతారో తెలిసినవాడే అసలు పట్టిక. పాత పల్లె గ్రంథాలయాల రిజిస్టర్లు తిప్పితే పురాణములు, వేదాంతము, నాటకములు, నవలలు, వైద్యము, జీవిత చరిత్రలు అని కనిపిస్తాయి, చివరన ‘ఇతరములు’. అంకెలు లేవు, దశాంశాలు లేవు. చదివేవాడు ఏ మాట వాడతాడో అదే శీర్షిక. ఆ ‘ఇతరములు’లోనే ఎన్ని మంచి పుస్తకాలు మగ్గిపోయాయోనన్న దిగులు మాత్రం ఉంది.

వర్గాలే వద్దు, అక్షరక్రమం చాలు అనేవాళ్లూ ఉన్నారు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాదిగానే మొదలుపెట్టాడు. మూడు సంపుటాలొచ్చినా ‘అ’ దాటలేదు. 1923లో ఆయన వెళ్లిపోయాడు. తరువాతి తరంలో తెలుగు భాషా సమితి అదే పనిని విషయాలవారీగా, సంపుటానికొక శాస్త్రం చొప్పున చేపట్టింది. రెండు పద్ధతుల్లో ఏది గెలిచిందని అడిగితే నేను చెప్పలేను. అక్షరానికి కులం లేదు, మతం లేదు, తనవాళ్లకి ఏడు అరలివ్వదు. పైగా దానికి తనకే తెలియని చమత్కారముంది. అకారాదిలో ‘చేనేత’ తరువాత వచ్చేది ‘చేప’. పెడన మగ్గాలు, బంటుమిల్లి చెరువులు! ఏ మేధావీ ఇంత దగ్గరగా కూచోబెట్టలేదు వాటిని. కాని అది కాకతాళీయమే, రొయ్య రొట్టె దగ్గరికి వెళ్లినట్టు. పక్కన ఏముందో చూసి అయ్యో ఇది కూడా ఉందా అనుకునే భాగ్యం అర్థంతో పేర్చిన అరల దగ్గరే దక్కుతుంది. ఫోనులో వెతికినా అంతే. అడిగింది ఇస్తుంది, అడగడం తెలియనిదాన్ని చూపించదు.

ఇంత తిరిగి నేను తేలిన రేవు ఒకటుంది. ప్రపంచం పట్టికని మనం మార్చలేం, మార్చనక్కర్లేదు కూడా. డ్యూయీ అంకెల్లో ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84. ఆ నంబరు ఉన్నచోటు దాకా వచ్చాక దారి ఆగిపోతుంది, అక్కడి నుంచి నడవాల్సింది మనమే. దివిసీమ ఉప్పెన తీసుకోండి. 1977 నవంబరు 19. 10,000 మందికి పైగా ప్రాణాలు పోయాయి. దాని గురించి తుపానుల శాస్త్రంగా రాస్తే 551.55, సహాయ చర్యలుగా రాస్తే 363.34, కవిత్వంగా రాస్తే 894.8271, చరిత్రగా రాస్తే 954.84. అంటే అవనిగడ్డ వైపు నుంచి ఒక పిల్ల వచ్చి మా అమ్మమ్మ చెప్పే ఉప్పెన గురించి చదవాలి అనడిగితే, నాలుగు బీరువాలు తిరగాలి. ఒక్కో బీరువాలో ఒక్కో ముక్క దొరుకుతుంది. అమ్మమ్మకి అది ఒక్కటే రాత్రి. 1864లో బందరుని ముంచిన ఉప్పెన ఎక్కడ, ఆనాటి సమాధులు ఎక్కడ, ఆ తరువాత రేవు ఎలా క్షీణించింది, అదంతా మళ్లీ వేరే వేరే గదులు. ఇది పట్టిక తప్పు కాదు. ఎక్కడ, ఎప్పుడు అని రంగనాథన్ వేయమన్న ఆ చివరి రెండు ప్రశ్నలనే ముందుకు తెచ్చి ఒక అర పెట్టుకుంటే సగం పని అవుతుంది. దాని పేరు ‘మా ప్రాంతం’. నంబరు ఏదైనా ఉండనివ్వండి, చీటీ మీద పక్కన ఒక రంగు చుక్క పెట్టండి, పుస్తకం మాత్రం ఈ అరలో ఉంచండి. రొయ్యల సాగు, కూచిపూడి, వెంకయ్య, కలంకారీ, ఉప్పెన, కొల్లేరు, అన్నీ పక్కపక్కనే.

ఈ అర నింపడానికి కొత్త పుస్తకాలు కొనక్కర్లేదు. మీ ఇంటి అటక మీద పాత హైస్కూలు సావనీరు ఉంటుంది. గుడి వందేళ్ల సంచిక ఉంటుంది, చర్చి శతజయంతి పుస్తకం ఉంటుంది. టైగరు రొయ్య రోజుల్లో మీ నాన్న రాసుకున్న చెరువు లెక్కల పుస్తకం ఉంటుంది, అది చిత్తుకాగితం కాదు. ఉప్పెన మరునాడు తీసిన ఫోటో ఉంటే నకలు తీయించండి. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది, కాబట్టి ఆ అర అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరుగుతాయి. దివిసీమ ఉప్పెన రోజు, 19, ఆ వారంలోనే వస్తుంది. మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ఆ ఒక్క రోజుకైనా నాలుగు బీరువాల్లోని ఉప్పెన పుస్తకాలన్నీ ఒకే బల్ల మీదికి తెప్పించండి. మరునాడు వాటిని మళ్లీ విడగొట్టి సర్దకుండా ఒక అర అడగండి.